బాతు కోసం గడ్డం తీసిన మామయ్య

మా ఓడ్వార్ మామయ్య ముప్పై నాలుగేళ్ళుగా పెంచుకున్న గడ్డాన్ని ఒక మంగళవారం పొద్దున వంటింటి కిటికీలో అద్దం పెట్టుకుని తీసేశాడు. ఒక బాతు కోసం తీశాడని చెబితే పట్నంలో నా స్నేహితులు నవ్వారు. మా దీవుల్లో మాత్రం గడ్డం సంగతికి ఎవరూ నవ్వలేదు. లంగా కట్టుకున్నందుకే నవ్వారు.

మామయ్య చేపలు పట్టే మనిషి. పెద్ద చేతులు, పెద్ద అడుగులు, అన్నిటికంటే పెద్దది గొంతు. భోజనాల బల్ల దగ్గర ఆయన ఉప్పు అడిగితే పక్క దీవిలో తోరల్ఫ్ లేచి అందించాల్సి వస్తుందని అందరూ ఆటపట్టించేవాళ్ళు. తోరల్ఫ్ మా దీవులకి ఉత్తరాలూ సరుకులూ తెచ్చే పడవ నడుపుతాడు.

మామయ్య ఉండే గ్రోహోల్మ్ నార్వే తీరం నుంచి పడవలో గంటన్నర దూరం. చెట్టన్నది లేని రాతి దీవి, దాని మీద ఒకటే ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు గున్‌వోర్ అత్త మా నాన్నకి అక్క. ఆ వసంతంలో నేను పరిశోధన వ్యాసం రాసుకోవడానికి నిశ్శబ్దం కావాలని వాళ్ళింటికి వెళ్ళాను. అడిగినదానికంటే ఎక్కువే దొరికింది.

మా వైపు ఈడర్ బాతులు ఏడాదంతా సముద్రం మీదే బతుకుతాయి. గుడ్లు పెట్టడానికి మాత్రం మే నెలలో నేలకెక్కుతాయి. వాటికోసం ఆడవాళ్ళు రాళ్ళతో, ఒడ్డుకి కొట్టుకొచ్చిన పడవ చెక్కలతో చిన్న చిన్న గూళ్ళు కడతారు. లోపల ఎండబెట్టిన సముద్రపు నాచు పరిచి, పిడికిలితో గుండ్రంగా నొక్కి పక్క వేస్తారు. బాతు వచ్చి తన రొమ్ము మీది నూగు పీకి గుడ్ల చుట్టూ పేర్చుకుంటుంది. గుడ్లు పొదిగి పిల్లలతో సముద్రంలోకి వెళ్ళిపోయాక ఆ నూగు మనది, అదే చలికాలపు దుప్పటి. అవి ఉన్నన్నాళ్ళూ గద్దల నుంచీ సముద్రపు కాకుల నుంచీ కాపాడే పని కూడా మనదే.

కాపలా మనిషిని బాతులు బట్టల్ని బట్టీ నడకని బట్టీ గుర్తుపడతాయి. అందుకే అత్త ఆరు వారాలూ ఒకే గోధుమరంగు ఉన్ని లంగా, ఒకే బూడిదరంగు స్వెటరు, ఒకే నీలం తలగుడ్డ వేసుకునేది. చేతులు వెనక్కి కట్టుకుని, పది అడుగులకోసారి ఆగి, మాటల్లేని రాగం ఒకటి ముక్కుతో తీస్తూ గూళ్ళ మధ్య తిరిగేది. ఆ ఆరు వారాలూ తీగ మీద బట్టలు ఆరేయకూడదు, సుత్తి పట్టకూడదు, మోటారు పడవ రేవు దాకా రాకూడదు. కుక్కని తోరల్ఫ్ ఇంటికి పంపేసేవాళ్ళు. మామయ్యని కూడా పంపేస్తే బాగుండునని అత్త అనేది.

ఇదంతా నేను వెళ్ళడానికి ఎనిమిదేళ్ళ ముందటి మాట. ఆ ఏడు బొచ్చు కోసం పెంచే చోటు నుంచి తప్పించుకున్న మింకుల జంట ఒకటి ఈదుకుంటూ దీవికి వచ్చింది. ముంగిసంత జంతువులు. ఒక్క వసంతంలో నలభై గూళ్ళు ఖాళీ చేశాయి. మామయ్య మూడు చలికాలాలు బోనులు పెట్టి వాటినీ వాటి సంతానాన్నీ పట్టాడు. దీవి శుభ్రమైంది. బాతులు మాత్రం మళ్ళీ రాలేదు.

అత్త పక్కలు వేయడం మానలేదు. ఏటా చలికాలం చివర నాచు ఏరి, దడుల మీద ఆరబెట్టి, తిరగేసి, మళ్ళీ ఆరబెట్టి, ఏప్రిల్లో నలభై గూళ్ళూ సర్దేది.

"రాని చుట్టాలకి ఎన్నేళ్ళు పక్కలు వేస్తావే?" అనేవాడు మామయ్య, నాచు మోపు భుజాన మోస్తూనే.

"నిన్ను వేయమన్నానా? మొయ్యమన్నాను. నోరు మూసుకుని మొయ్యి."

నేను వెళ్ళిన ఏడు ఏప్రిల్ చివర, ఆఖరి మోపు తెస్తూ అత్త తడి బండ మీద జారింది. తుంటి ఎముక విరిగింది. పడవ వచ్చి తీసుకెళ్ళేటప్పుడు స్ట్రెచర్ మీద పడుకుని నొప్పికి పళ్ళు బిగబట్టి కూడా, "పడవల కొట్టం పక్క గూడు ఇంకా సర్దలేదు ఓడ్వార్," అంది. మామయ్య ఆ సాయంత్రమే వెళ్ళి సర్దాడు. పిడికిలితో నొక్కాడు. ఆయన పిడికిలి పెద్దది కాబట్టి అందులో బాతు కాదు, హంస పట్టేది. మళ్ళీ తీసి నా చేత నొక్కించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డ మామయ్య ఉన్నట్టుండి కప్పు కింద పెట్టేశాడు. రేవుకి అవతల నీళ్ళ మీద చుక్కలు. మగవాటి తెల్లటి వీపులు, వాటి పక్కన గోధుమరంగులో ఆడవి. గాలి ఇటు తిరిగినప్పుడు వాటి గొంతు కూడా వినిపించింది. ఏదో గుట్టు విని బుగ్గలు నొక్కుకునే ముసలమ్మల్లా ఒకటే, ఊ... ఊ...

మామయ్య ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చెవికి ఆరంగుళాల దూరంలో పట్టుకుంటాడు కాబట్టి అత్త మాటలు నాకూ వినిపించేవి.

"గున్‌వోర్, వచ్చాయి."

"ఎవరు?"

"ఇంకెవరు, నీ చుట్టాలు."

 తర్వాత అత్త ఎవరితోనో, "ఆ టీవీ కాస్త ఆపు తల్లీ," అంది. మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "ఎన్ని?"

"ఏడు. నాలుగు ఆడవి, మూడు మగవి."

"సరిగ్గా చూశావా? నువ్వు ఇంట్లో కుర్చీలే తప్పు లెక్కపెడతావు."

"ఇడున్ కూడా చూసింది. కావాలంటే అడుగు," అంటూ ఫోన్ నా వైపు తిప్పాడు.

"ఒకదాని ముక్కు మీద తెల్ల మచ్చ ఉందేమో చూడు."

నేను దుర్భిణి తెచ్చి చూశాను. చాలాసేపు పట్టింది. ఒక ఆడబాతు ఇటు తిరిగింది. ముక్కు మొదట్లో, సున్నం వేలితో రాసినట్టు, తెల్ల మచ్చ. తొమ్మిది వసంతాలు వరుసగా ఇంటి ముందుమెట్టు కింద పొదిగింది అదే. మింకులు వచ్చిన ఏడు అది కూడా చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు.

"మచ్చది ఉంది అత్తా," అన్నాను.

అత్త ఏడ్చిందో లేదో తెలీదు. కొంతసేపటికి ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఓడ్వార్, నా లంగా మంచం పక్క కొక్కేనికి ఉంది. వేసుకో."

"ఏంటీ?"

"అరవకు, దీవిలో బాతులున్నాయి. లంగా వేసుకో అన్నాను. ఈసారి మనిషి కనపడకపోతే గద్దలు దిగుతాయి, కొత్త మనిషి కనపడితే అవి లేచిపోతాయి. ఇంకోసారి రావు. మచ్చదానికి వయసెంతనుకున్నావు?"

"ఇడున్‌ని వేసుకోమను."

"ఇడున్ రోజుకి నాలుగు చేపలు తిన్నా ఆ లంగాలో నిలవదు. ఒడ్డూ పొడుగూ మనిద్దరిదే ఒకటి. వేసుకుంటావా, కుంటుకుంటూ నన్ను రమ్మంటావా?"

మామయ్య వేసుకున్నాడు. స్వెటరు భుజాల దగ్గర కాస్త బిగుతు, అంతే. తలగుడ్డ గడ్డం కింద ముడి వేయబోతే గడ్డం అడ్డం వచ్చింది. గడ్డాన్ని స్వెటరు లోపలికి దోపుకున్నాడు. వంటింట్లో అటూ ఇటూ నడిపించి నడక నేర్పాను. చేతులు వెనక్కి కట్టుకోమంటే ఖైదీలా నడిచాడు. అడుగు చిన్నగా వేయమంటే వేడి బూడిద మీద నడుస్తున్నట్టు వేశాడు. రాగం తీయమంటే మాత్రం చేతులెత్తేశాడు. ఆయన ముక్కుతో తీసిన రాగం విని పొయ్యి మీది కెటిల్ మరుగుతోందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

మర్నాడు రెండు బాతులు ఒడ్డెక్కి గూళ్ళ వైపు మెడలు చాచి చూస్తున్నాయి. మామయ్య కొట్టం చాటు నుంచి మెల్లగా బయటికొచ్చాడు. పది అడుగులు బాగానే వేశాడు. అప్పుడు గాలి వీచింది, స్వెటరు మెడలోంచి నెరిసిన గడ్డం జెండాలా ఎగిరింది. బాతులు రెండూ ఒక్క దూకులో నీళ్ళలో పడ్డాయి.

ఆ సాయంత్రం ఫోన్లో అత్త ఏమీ తిట్టలేదు. "పోనీలే," అంది. "నీకు ఆ గడ్డం అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు." అంతటితో వేరే మాట మాట్లాడింది. మామయ్య ఫోన్ పెట్టేసి చాలాసేపు గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే నిలబెట్టుకునేవాడేమో.

మంగళవారం పొద్దున నేను లేచేసరికి అద్దం ముందు ఉన్నాడు. గడ్డం కింది చర్మం పాలలా తెల్లగా, చిన్నపిల్లాడి మొహంలా ఉంది. "చలేస్తోంది," అన్నాడు నాతో.

వారం తిరిగేసరికి నాలుగు ఆడబాతులూ గూళ్ళలో కుదురుకున్నాయి. మూడు కొట్టం వైపు. మచ్చది ఒక సాయంత్రం మగదాన్ని వెంటేసుకుని, అద్దెకి ఇల్లు చూసుకోవడానికి వచ్చినట్టు ఇంటి చుట్టూ తిరిగి, ముందుమెట్టు కింద పాత చోటులోనే దూరింది. ఆ రోజు నుంచి ముందు తలుపు మూసేశాం. ఇంటి వెనక వంటింటి కిటికీ కింద చేపల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీంచి ఎక్కి దిగేవాళ్ళం. మామయ్య లంగా ఎత్తిపట్టుకుని కిటికీ దూకడం చూసి తోరల్ఫ్ పడవలో పడి నవ్వాడు. నోటికి టోపీ అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వాడు.

"అక్కాయ్, ఉత్తరాలు తెచ్చాను," అనేవాడు గుసగుసగా, రేవుకి దూరంగా మోటారు ఆపి తెడ్లేసుకుంటూ వచ్చి.

"ఇచ్చి పోరా. బాతులు లేచిపోయే వేళకి నా గొంతు నాకు తిరిగొస్తుంది, అప్పుడు చెప్తా నీ సంగతి."

మూడు వారాలకి అత్తని ఇంకో నెల పట్నంలోనే విశ్రాంతిగా ఉండమన్నారు. ఆమె వినలేదు. చంక కర్రలు పుచ్చుకుని తోరల్ఫ్ పడవెక్కేసింది. మామయ్య రేవులో నిలబడి ఉన్నాడు. అత్త పడవలోంచే ఆయన్ని కింద నుంచి పై దాకా చూసింది. లంగా, స్వెటరు, తలగుడ్డ, ఆ తలగుడ్డ మధ్య నున్నటి చుబుకం.

"ఓరి దేవుడా," అంది. "నీకు చుబుకం ఉందా?"

"ఉన్నట్టే ఉంది."

అత్త చెయ్యి చాచి ఆ చుబుకం ఒకసారి ముట్టుకుంది. తర్వాత కర్రలు ఆనించి రేవు రాళ్ళ మీద నడవడం మొదలుపెట్టింది. టక్, టక్. మూడో టక్ దగ్గర కొట్టం పక్క గూట్లోంచి బాతు బయటికి తన్నుకుని వచ్చి, రెక్కలు కొట్టుకుంటూ మా తలల మీదుగా సముద్రంలోకి పోయింది. గుడ్లు నాలుగు, పచ్చగా, గాలికి నగ్నంగా పడి ఉన్నాయి.

అత్త కదల్లేదు. పైన సముద్రపు కాకి ఒకటి అప్పుడే చుట్టూ తిరుగుతోంది. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని, చిన్న అడుగులతో గూటి దాకా వెళ్ళి, నూగు గుడ్ల మీదికి లాగి కప్పి, పక్కన కూర్చున్నాడు. అరగంటకి బాతు నీళ్ళలోంచి ఆయన్ని చూసుకుంటూ చూసుకుంటూ వచ్చి, ఆయన లంగా అంచు పక్కనుంచే నడిచి గూట్లోకి దూరింది. ఆ అరగంటా అత్త రెండు కర్రల మధ్య అలాగే నిలబడింది.

"అవి నన్నిక ఎరగవు," అంది చివరికి. "కర్రలు ఇడున్‌కి ఇవ్వు. నన్ను ఎత్తుకో."

వంటింటి కిటికీలోంచి ఆమెని లోపలికి చేర్చడం ఓ పెద్ద పనైంది. బయట నుంచి మామయ్య ఎత్తాడు, లోపల నుంచి నేను పట్టుకున్నాను. వెనక తోరల్ఫ్ సరుకుల సంచీ పట్టుకుని, "ఇద్దరమ్మల్లో ఎవరిని ముందు తోయాలి?" అని గుసగుసలాడాడు. అత్త కూడా నవ్వింది. కానీ కుర్చీలో కూర్చోబెట్టాక నవ్వు ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు పక్కలు వేసిన మనిషి, పక్షులు వచ్చిన ఏడు గడప దాటకూడదు.

రోజంతా ముందుగది కిటికీ దగ్గర కూర్చునేది. ఆ కిటికీ సరిగ్గా ముందుమెట్టుకి పైన ఉంటుంది. మచ్చది కనపడదు, మెట్టు కింద ఉంటుంది కదా. కనపడేదల్లా దూరాన తన లంగాలో తిరిగే మొగుడు.

"అడుగు ఇంకా పెద్దదే పడుతోంది," అనేది నాతో. ఇంకోసారి, "తలగుడ్డ నేనలా కడతానా? పల్లెటూరి పెళ్ళికూతురిలా ఉన్నాడు." ఒక మధ్యాహ్నం మాత్రం అల్లిక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి, "నా బట్టలు, నా నడక, నా పక్షులు," అంది. "మరి నేనిక్కడ ఎవరినే ఇడున్?"  పుస్తకాల్లో చదివిన జవాబులేవీ ఆ గదిలో పనికొచ్చేలా లేవు. కాఫీ పోసి ఇచ్చాను.

జూన్ మొదటి వారంలో వాన పట్టుకుంది. పొద్దుట మొదలై మధ్యాహ్నానికి ఇంటి పైకప్పు నీళ్ళన్నీ ముందుమెట్టు వైపు పారడం మొదలుపెట్టాయి. మెట్టు కింద నాచు తడిసి ముద్దయిందంటే గుడ్లు చల్లబడిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి నాలుగైదు రోజులే ఉంది. బాతు కూర్చుని ఉండగానే కిందికి పొడి నాచు తోయాలి. పూర్వం అత్త అలా చేసేది, ఆమె చెయ్యి మచ్చదానికి అలవాటే.

మామయ్య పొడి నాచు స్వెటరు కింద దాచుకుని మెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి లోపలికి పెట్టగానే మచ్చది లేచి నిలబడింది. లోపల నుంచి బుస కొట్టింది. మామయ్య చెయ్యి వెనక్కి లాగాడు. మళ్ళీ పెట్టాడు. అది సగం బయటికొచ్చేసింది. ఆ వానలో లేచి సముద్రంలోకి పోతే, తిరిగొచ్చేసరికి ఇక పొదగడానికి ఏమీ ఉండదు. మామయ్య తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆ మొహం మీద వాన కారుతోంది. అంత పెద్ద మనిషి అంత నిస్సహాయంగా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

అత్త చెయ్యి చాచి కిటికీ రెక్క రెండు వేళ్ళ మందం తెరిచింది. రాగం మొదలుపెట్టింది.

అది రాగం అనేంత గొప్పది కాదు. నాలుగు స్వరాలు పైకి వెళ్ళి, అలిసిపోయినట్టు ఆగి, మళ్ళీ కిందికి దిగుతాయి. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ దాన్ని విన్నట్టు లేదు. మామయ్య పెదాలు మూసుకుని తల వంచుకున్నాడు, రాగం తనదే అన్నట్టు. మచ్చది మెడ పక్కకి వంచి విన్నది. నేను అత్త పక్కన కిటికీ అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాను. అది మెల్లగా వెనక్కి అడుగేసి మెట్టు కిందికి దూరింది. మామయ్య చెయ్యి దాని వెనకే లోపలికి వెళ్ళింది. ఒక పిడికెడు తడి నాచు బయటికి, ఒక పిడికెడు పొడి నాచు లోపలికి. అలా ముప్పావుగంట. అత్త ఒక్కసారి కూడా ఆపలేదు. మామయ్య లేచేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

కిటికీ దూకి లోపలికొచ్చి, నీళ్ళోడుతున్న లంగాతో ఆమె ముందు నిలబడ్డాడు. "నీ రాగం నాకు రాదే," అన్నాడు.

"తెలుసు," అంది అత్త. "నా లంగా నాకు కుదరదు ఇప్పుడు. కర్రలతో కాళ్ళకి చుట్టుకుంటుంది."

ఆ తర్వాత రోజూ అలాగే జరిగింది. బయట లంగా నడిచేది, కిటికీలోంచి రాగం నడిచేది. ఇద్దరూ కలిస్తే ఒక గున్‌వోర్ అయ్యేది. బాతులకి ఆ లెక్క సరిపోయింది.

కొట్టం వైపు మూడూ ముందే పిల్లలతో సముద్రంలోకి వెళ్ళిపోయాయి. ఆదివారం పొద్దున మెట్టు కింద నుంచి సన్నటి కూతలు వినిపించాయి. మధ్యాహ్నానికి మచ్చది బయటికొచ్చింది, వెనకే నల్లటి దూది ఉండల్లా నాలుగు పిల్లలు. అవి రెండడుగులు దూరం వెళ్ళాక మామయ్య ముందు తలుపు తీశాడు. ముప్పై రోజుల తర్వాత తీసిన తలుపు కిర్రుమంది. అత్త గడపలో కుర్చీ వేసుకుని కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని బాతు కుటుంబానికి పక్కగా, ఇంట్లో పెళ్ళి ఊరేగింపు నడిపిస్తున్నంత గంభీరంగా, రేవు దాకా నడిచాడు. అత్త గడప లోంచి రాగం తీస్తూనే ఉంది. పిల్లలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారాయి.

అప్పుడే నల్లవీపు సముద్రపు కాకి ఒకటి రాయి విసిరినట్టు వాటి మీదికి దిగింది.

ఆరు వారాలు దాచిపెట్టిన గొంతు మామయ్యది. "పోవే దొంగముండా!" అని అరిచాడు. కొట్టం రేకులు మోగాయి. కాకి గాల్లోనే పల్టీ కొట్టి ఎటు పోవాలో తెలీక వెనక్కి తిరిగింది. మచ్చదీ పిల్లలూ చెదిరిపోతాయనుకున్నాను. మచ్చది తల కూడా తిప్పలేదు. తొమ్మిది వసంతాలు ఆ మెట్టు కింద విన్న గొంతే కదా. పిల్లల్ని వెంటేసుకుని తాపీగా ఈదుకుంటూ పోయింది.

ఇంట్లో ఫోన్ మోగింది. తోరల్ఫ్. "ఎవరైనా మునిగిపోయారా?"

"లేదు," అన్నాను. "పిల్లలు నీళ్ళలోకి దిగారు."

మామయ్య మెట్టు కింద చెయ్యి పెట్టి గూటిలోని నూగుని మొత్తంగా ఎత్తి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాడు. మధ్యలో ఆమె పిడికిలంత గుంట. అత్త చెయ్యి అందులో పెట్టి కళ్ళు మూసుకుంది. ఇంకా వెచ్చగా ఉందంది. ఎనిమిదేళ్ళుగా గోడకి వేలాడుతున్న నూగు దులిపే తీగెల చట్రం తెచ్చి తుడవమని నాతో చెప్పింది.

మామయ్య గడప మీద కూర్చుని తలగుడ్డ విప్పాడు. లంగా విప్పబోయి, ఇటూ అటూ చేత్తో తడుముకుని, "ఆరు వారాలు కట్టుకున్నా గానీ, దీనికి ఒక్క జేబు లేదే. పొగాకు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చచ్చాను," అన్నాడు.

అత్త కళ్ళు తెరవలేదు. "చలికాలంలో కుట్టిపెడతాలే," అంది. "రెండు వైపులా."

మామయ్య చుబుకం మీద అప్పుడే మొలుస్తున్న వెంట్రుకల్ని వేళ్ళతో తడుముకున్నాడు.

"అయితే ఏప్రిల్లో మళ్ళీ తీసేయాలి," అన్నాడు, గుసగుసగా. బాతులు వెళ్ళిపోయాయని మర్చిపోయినట్టున్నాడు.